అంచున చీలిక

"అమ్మాయ్, ఆ దొంగ నాణెం బొమ్మ కూడా నువ్వే గీసేయాలి," అన్నారు మామగారు, భూతద్దం మీంచి తల ఎత్తకుండానే.

కోడలు టీ కప్పు ఆయన బల్ల మీద పెట్టింది. ఏ దొంగ నాణెం అని ఆమె అడగలేదు. వాళ్ళ నాణేల సంఘంలో దొంగ నాణెం అంటే ఒకటే, పళ్ళ మేస్త్రిది. తొమ్మిదేళ్ళుగా దాని ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆమె ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోకి జారుకునేది. ఈసారి పనే ఆమెను వెతుక్కుంటూ వచ్చింది.

మామగారు పెద్ద గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు రాసి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళు పుస్తకాలకి నంబర్లు వేసిన చేయి ఊరుకోలేక, పాత గ్రీకు, రోమన్ నాణేలకి వేయడం మొదలుపెట్టింది. వీధివైపు గదిలో ఆయన బల్ల, దాని పక్కన పలచటి సొరుగులున్న చెక్క బీరువా. ఒక్కో సొరుగులో వరసగా గుండ్రటి గుంటలు, ఒక్కో గుంటలో ఒక నాణెం, నాణెం కింద గుండ్రంగా కత్తిరించిన అట్ట చీటీ. ఏ రాజుది, ఏ కాలానిది, ఏ లోహం, ఎంత బరువు, ఎక్కడ దొరికింది, అంతా ఆ చీటీ మీద చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు కోడలివి.

ఆమె డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. మూడేళ్ళు రికార్డు పుస్తకాల్లో ఆకుల ఈనెలు గీసి గీసి కుదిరిన చేయి. ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే మామగారు ఆ చేతిని కనిపెట్టారు. ఒక నాణెం ముందు పెట్టి, "కనిపించింది గీయి. కనిపించనిది ఊహించకు," అన్నారు. అంతకుముందు ఎవరూ ఆమెకు అంత గౌరవమైన పని చెప్పలేదు. పోను పోను, అక్షరాలు పూర్తిగా అరిగిపోయినా ముక్కు కొన చూసి ఏ చక్రవర్తో, జడ ముడి చూసి ఏ రాణో చెప్పగలిగే స్థితికి వచ్చింది. "మా ఇంట్లో రెండువేల ఏళ్ళ కిందటి ముక్కులు గుర్తుపడతారు గానీ, ఉతికిన బట్టల్లో నా బనియను ఏదో, మా నాన్న బనియను ఏదో మాత్రం ఎవరూ గుర్తుపట్టరు," అని ఆమె భర్త ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఇప్పుడు సంఘానికి పాతికేళ్ళు నిండాయని చిన్న పుస్తకం వేస్తున్నారు. పదకొండుమంది సభ్యుల దగ్గరున్న నాణేల్లో మంచివి ఎంచి, వాటి బొమ్మలు, వివరాలు. ఫొటోల్లో అరిగినచోట ఏమీ తెలియదని, బొమ్మలు గీయించాల్సిందేనని మామగారు పట్టుబట్టారు. గీసేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

"ఆఖరి పేజీకి 'మోసపోకండి' అని పేరు పెట్టాను," అన్నారాయన. "ఎడమవైపు అసలు నాణెం, కింద నా పేరు. కుడివైపు నకిలీ, కింద మేస్త్రి పేరు. పక్కపక్కన చూస్తే గానీ కొత్తవాళ్ళకి తేడా తెలియదు."

"అతని నాణెం మన దగ్గర లేదుగా మావయ్యగారూ."

"ఆరోజు చూశావుగా. నీ కంటపడ్డది ఎక్కడికి పోతుంది? ఒక్కటి మాత్రం మర్చిపోకు. బొమ్మలోని వీరుడి చెవి పైన, అంచున ఒక చీలిక ఉంటుంది. అదే ముఖ్యం."

ఆమె కిటికీ దగ్గర కూర్చుని గీసింది. సగం పైన చెరిపి మళ్ళీ గీయాల్సి వస్తుందనుకుంది. పావుగంట కూడా పట్టలేదు. ముందువైపు, సింహం తోలు తలకి కప్పుకున్న వీరుడు. వెనకవైపు, సింహాసనం మీద కూర్చున్న దేవుడు, ఆయన చాచిన చేతి మీద గద్ద, సింహాసనం కింద చిన్న నక్షత్రం. గద్ద ముక్కు మొద్దుగా వచ్చింది. నక్షత్రం కోణాలు కరిగిన సబ్బుమీది గీతల్లా వచ్చాయి. అంచున చీలిక ఎక్కడ మొదలై ఎటు వంగాలో పెన్సిల్‌కి ముందే తెలుసు.

గీసింది చేత్తో పట్టుకుని చూసేసరికి ఆమెకు ముఖంలోకి వేడి ఎక్కింది. ఒక్క పూట, అదీ నలుగురి తలల మధ్యనుంచి చూసిన వస్తువుని ఎవరూ ఇలా గీయలేరు. ఇది రెండేళ్ళపాటు నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడిచిన చేయి గీసిన బొమ్మ.

ఎందుకంటే ఆ నకిలీ నాణెం ఈ ఇంటిదే.

తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం ఉదయం సంఘం వాళ్ళంతా ఈ గదిలోనే కూర్చున్నారు. సంఘం తరఫున కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఆ వారమే వచ్చింది. అప్పటిదాకా చీటీల మీద బరువు రాసే చోటు ఖాళీగానే ఉండేది. గ్రాములో నూరోవంతు కూడా చూపిస్తుందట. పెద్దమనుషులంతా జేబుల్లోంచి నాణేలు తీసి, పిల్లలు స్టేషన్లో బరువు చూసుకున్నట్టు పోటీలు పడి తూచుకుంటున్నారు.

పళ్ళ మేస్త్రి ఆ రోజు కొత్త నాణెం తెచ్చాడు. దంతవైద్యులకి కట్టుడు పళ్ళు, తొడుగులు చేసిచ్చే చిన్న ల్యాబ్ అతనిది. అందుకని సంఘంలో అందరికీ పళ్ళ మేస్త్రే. మిగతావాళ్ళు నాణేలు తమలో తాము చూసుకుని, కోడలి నుంచి టీ కప్పులు మాత్రం అందుకునేవారు. మేస్త్రి ఒక్కడే, "చెల్లెమ్మా, నువ్వు కూడా చూడు, నీ కన్ను మంచిది," అని ఆమె చేతిలో పెట్టేవాడు.

ఆ రోజు తెచ్చింది అలెగ్జాండరు పేరుతో కొట్టిన వెండి నాణెం. అచ్చం అలాంటిదే, సింహాసనం కింద నక్షత్రంతో సహా, మామగారి దగ్గర అప్పటికి పదహారేళ్ళుగా ఉంది. ఎప్పుడో పోస్టులో తెప్పించుకున్నది. బీరువా మొత్తానికి అదే ఆయనకి పెద్దకొడుకు. రెండూ పక్కపక్కన చూద్దామని ఆయన రెండు గుంటలున్న చెక్క ట్రే తీసి, ఎడమ గుంటలో తనది, కుడి గుంటలో మేస్త్రిది పెట్టారు. సంఘం కార్యదర్శి కళ్ళద్దాల షాపాయన ముందుకి వంగాడు. ఆయన మోచేయి తగిలి టీ ఒలికింది.

కోడలు ట్రే ఎత్తి వంటింట్లోకి తీసుకెళ్ళింది. నాణేలు ఒక్కొక్కటే తీసి గుడ్డతో అద్ది, ఏ గుంటలోది ఆ గుంటలోనే పెట్టింది. అంతవరకు ఆమె జాగ్రత్తలో లోపం లేదు. తిరిగి బల్ల మీద పెట్టేటప్పుడు మాత్రం ట్రే అటుది ఇటు తిరిగింది. ఎడమ గుంట కుడికి వచ్చింది.

మామగారు ఎడమ గుంటలోది తీసి కాటా మీద పెట్టారు. నాలుగు పాయింట్ రెండు ఎనిమిది. ఆ కాలపు నాణెం ఎంత ఉండాలో అంత. అందరూ తలలూపారు. కుడి గుంటలోది పెట్టారు. మూడు పాయింట్ ఏడు ఒకటి.

"ఇంకోసారి చూడండి సార్," అన్నాడు మేస్త్రి. "పొద్దున మా ల్యాబ్‌లో తూస్తే నాలుగు దాటింది."

"పళ్ళు తూచే కాటా కదా మేస్త్రీ. చిగుళ్ళతో కలిపి తూచి ఉంటుంది," అన్నాడు కళ్ళద్దాల షాపాయన. గదంతా నవ్వింది. మేస్త్రి కూడా కొంచెం నవ్వాడు.

మామగారు నవ్వలేదు. భూతద్దం తీసుకుని నాణేన్ని వెలుతురుకి తిప్పి తిప్పి చూశారు. "ఇదిగో, బుడగల గుంటలు. పోత పోసినప్పుడు గాలి చిక్కుకుంటే వస్తాయివి. అచ్చు అతుకు పోవడానికి అంచు చుట్టూ ఆకురాయితో రాసిన గీత ఉంది. ఇక ఈ చీలిక చూడండి. సుత్తి దెబ్బకి వెండి చీలితే చీలిక లోపలికంటా పోతుంది, అంచులు కోసుకుంటాయి. ఇది పైపైన ఉంది, పెదవులు మొద్దుబారి. ఎక్కడో చీలిన నాణేనికి అచ్చు తీసి పోత పోశారు."

"పోత పనివాళ్ళు మన ఊళ్ళో ఎంతమందున్నారో మరి," అన్నారెవరో, వినపడీ వినపడనట్టు.

ఈసారి మేస్త్రి నవ్వలేదు. నాణెం జేబులో వేసుకుని, చెప్పులు వేసుకోవడంలో తడబడి, ఒక చెప్పు మడమ తొక్కుకుంటూనే మెట్లు దిగిపోయాడు. మళ్ళీ సంఘానికి రాలేదు.

ఆ సాయంత్రం కోడలు నాణెం సొరుగులో పెట్టబోతూ ఆగింది. గద్ద ముక్కు పదునుగా ఉంది. నక్షత్రం కోణాలు గుచ్చుకునేలా ఉన్నాయి. బొమ్మల నోటుబుక్కు తెరిచింది. రెండేళ్ళ కిందట తనే గీసిన బొమ్మ. మొద్దు ముక్కు, చెవి పైన అంచున చీలిక. చేతిలో ఉన్న నాణేనికి చీలిక లేదు. అప్పుడు ట్రే గుర్తొచ్చింది. దాని అంచున ఒకచోట నల్లటి కాలిన మచ్చ ఉంటుంది. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అది తన బొటనవేలి కింద ఉంది. తెచ్చిపెట్టాక కిటికీ వైపు ఉంది.

రేపు చెప్పాలనుకుంది. మర్నాడు మామగారికి ఒంట్లో నలతగా ఉంది. ఆ తర్వాతి రోజు ఇంట్లో చుట్టాలు. ఆ మర్నాడు చుట్టాలూ లేరు, నలతా లేదు. ఆమె భయపడిన మాట నిజమే. కానీ భయం అడుగున ఇంకొకటి ఉంది. బీరువాలోకి అసలు నాణెం వచ్చింది. ఆయన పూటకోసారి సొరుగు లాగి, "చూశావా, బరువు కూడా సరిగ్గా సరిపోయింది," అని మురిసిపోతుంటే, ఆ మురిపెంలో తనకీ వాటా ఉన్నట్టు ఆమెకు అనిపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆమె నోటుబుక్కు తెరిచి, రబ్బరుతో చీలిక చెరిపేసింది. గద్ద ముక్కు చెక్కి పదును చేసింది. నక్షత్రానికి కోణాలు పెట్టింది. రబ్బరు పొట్టు ఊదేసి, నోటుబుక్కు మూసేసింది.

ట్రే తిరగడం ఎవరికైనా జరగొచ్చు. ఆ రబ్బరు పట్టుకున్న చేయి గుర్తొస్తే మాత్రం ఆమెకు ఇప్పటికీ తన చేతివైపు తను చూసుకోబుద్ధి కాదు.

*

సాయంత్రం కళ్ళద్దాల షాపాయన బొమ్మల కోసం వచ్చాడు. ఒక్కోటి తీసి దూరంగా పట్టుకుని చూసి, ఆఖరిదాని దగ్గర ఆగాడు.

"అబ్బ, ఎంత బాగా గీశావమ్మా. ఆ చీలిక చూడండి సార్, అచ్చం పంటి సందులా ఉంది. మన మేస్త్రి ముద్ర పడింది."

"వేళాకోళం వద్దు," అన్నారు మామగారు.

"వేళాకోళం కాదు సార్, సాయం. పేరు కింద 'కట్టుడు పళ్ళ నిపుణులు' అని కూడా వేద్దాం. ఉచితంగా ప్రకటన. మూడొందల కాపీలు వేయిస్తున్నాం, మన సంఘంలోని డాక్టరుగారు ఊళ్ళో డాక్టర్లందరికీ తలా ఒకటి పంపుతానన్నారు." కుర్చీలో వెనక్కి వాలాడు. "అన్నట్టు, మేస్త్రి కూతురు కూడా ఇప్పుడు ల్యాబ్‌లోనే కూర్చుంటోంది. కోర్సు చదివొచ్చిందట. బోర్డు మీద నాన్న పేరు కింద తన పేరు రాయించుకుంది. మొన్న అటు వెళ్తూ చూశాను."

కోడలు తలుపు దగ్గర నిలబడి ఉంది. మేస్త్రికి పని ఇచ్చేది దంతవైద్యులే. వాళ్ళ బల్లల మీదికి ఈ పుస్తకం వెళ్తుంది. నకిలీ పోత అన్న మాట, దాని కింద అతని పేరు. ఆ పేరు కిందే బోర్డు మీద ఆ పిల్ల పేరు.

"పేరు లేకుండా బొమ్మ ఒక్కటే వేస్తే సరిపోదా మావయ్యగారూ?" అంది.

"చీటీ లేని నాణెం ఎప్పుడైనా పెట్టామా మనం?" అన్నారాయన. "ఎవరిదో తెలియకపోతే ఊరికే కథ అవుతుంది. ఉన్నది ఉన్నట్టు వేయాలి. అతని మీద నాకేం కక్ష లేదు."

"ఏమ్మా, మేస్త్రి మీద జాలా?" నవ్వాడు షాపాయన. "నిన్ను చెల్లెమ్మా అనేవాడుగా. సోమవారం ప్రెస్సుకి ఇచ్చేస్తున్నాను సార్. ఆ రెండు పేర్లూ స్పష్టంగా రాయించి ఉంచండి, రేపు వచ్చి పట్టుకుపోతా."

ఆయన వెళ్ళాక మామగారు కాగితం ఆమె వైపు జరిపారు. ఆమె కలం తీసుకుంది. ఎడమవైపు బొమ్మ కింద మామగారి పేరు రాసింది. చేయి కుడివైపుకి జరిగింది. జరిగి, ఆగిపోయింది.

"ఏమైంది? సిరా లేదా?"

"మావయ్యగారూ, ఈ బొమ్మ నేను ఒక్కసారి చూసి గీసింది కాదు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశారు.

"ఇది మన నాణెం. మన బీరువాలో ఉండేది. ఆ రోజు టీ ఒలికినప్పుడు ట్రే తిప్పి పెట్టాను. మేస్త్రిది మనకి వచ్చింది, మనది ఆయనకి వెళ్ళింది." ఇంకా చెప్పాల్సింది ఉంది. కలం పక్కన పెట్టింది. ఆయన తొందరపెట్టలేదు. "నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నా బొమ్మలో చీలిక ఉంది. నాలుగో రోజున చెరిపేశాను."

మామగారు ఆ కాగితాన్ని తన వైపు లాక్కుని చూశారు. తర్వాత, "నోటుబుక్కు," అన్నారు.

తెచ్చి ఇచ్చింది. ఆయన ఆ పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురు పక్కనుంచి పడేట్టు ఏటవాలుగా పట్టుకున్నారు. అరిగిపోయిన అక్షరాలు చదవడానికి నాణేన్ని ఎలా పడతారో అలా. చెరిపినా, పెన్సిల్ నొక్కిన చోట కాగితంలో సన్నటి పల్లం మిగిలే ఉంది. ఆయన చిటికెన వేలితో దాని వెంట తడిమారు.

"నువ్వు ఇది మొదట గీసినప్పుడు చూశాను," అన్నారు. "గీత జారిందనుకున్నాను. నా నాణేనికి చీలికేమిటి అనుకున్నాను." నోటుబుక్కు మూశారు. "పదహారేళ్ళు నా బీరువాలో ఉన్నప్పుడు ఒక్క బుడగ కనిపించలేదు. అది ఇంకొకరిది అనుకోగానే రెండు నిమిషాల్లో అన్నీ కనిపించాయి. పైగా అందరికీ పాఠం చెప్పాను."

ఆయన తనని తిడతారని ఆమె ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది.

"నాది గుడ్డితనం," అన్నారు. "నువ్వు చూసి కూడా..." వాక్యం పూర్తి చేయలేదు. చేతికర్ర వెతుక్కున్నారు. సొరుగు లాగి, నక్షత్రం నాణేన్ని తీసి, చిన్న కవరులో వేసి జేబులో పెట్టుకున్నారు. "అతని ల్యాబ్ ఎక్కడో తెలుసా నీకు?"

"తెలుసు," అంది. తొమ్మిదేళ్ళుగా ఆ వీధిలోకి వెళ్ళకుండా చుట్టూ తిరిగి వెళ్ళే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది.

*

సైకిళ్ళ షాపు పైన మొదటి అంతస్తు. మెట్ల మీదికే కరిగిన మైనం వాసన వచ్చింది. లోపల గోడ పొడుగునా అరల్లో ప్లాస్టర్ దవడలు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో ఒక డాక్టరు పేరు. అంతటా పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. కిటికీ దగ్గర ఒక అమ్మాయి మైనపు పన్నుకి సన్నటి కత్తితో గాట్లు పెడుతోంది. కొలిమి పక్కనుంచి మేస్త్రి లేచి వచ్చాడు. జుట్టు నెరిసింది. అది వయసో, ప్లాస్టరో తెలియలేదు.

"సార్," అన్నాడు. చేతులు ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు గానీ నమస్కారం పెట్టలేదు. కుర్చీ లాగి ఆయనకి వేశాడు. ఆమె వైపు చూడలేదు.

మామగారు కూర్చున్నారు. కవరు తీసి నాణెం బల్ల మీద పెట్టారు. మేస్త్రి దాన్ని ముట్టుకోలేదు. వంగి చూశాడు, అంతే.

"ఇన్నాళ్ళకా?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"ఆ రోజు ఇంటికొచ్చి చూస్తే తెలియదా సార్? నా నాణేన్ని నేను గుర్తుపట్టలేనా?" ఆ మాట ఎక్కడ తగిలిందో అతనికి తెలియదు. మామగారు కళ్ళు దించుకున్నారు. "ట్రే లోపలికెళ్ళింది, బయటికొచ్చింది. నాది పోయి దొంగది వచ్చింది. మీ ఇంట్లోనే, మీ సమక్షంలోనే. నేనేమనుకోవాలి?"

"నేను మార్పించాననుకున్నావా?"

"అనుకున్నాను. మీరు చెప్తే ఆవిడ మార్చిందనుకున్నాను." మొదటిసారి ఆమె వైపు చూశాడు. "తిరిగొచ్చి అడుగుదామనుకున్నా. నన్నెవరు నమ్ముతారు? మీరు గ్రంథాలయం మనిషి, నేను పోత పోసేవాణ్ణి. ఊరుకున్నాను. ఊరుకుని, తొమ్మిదేళ్ళు మిమ్మల్ని దొంగ అని తిట్టుకున్నాను సార్, దాచుకోవడమెందుకు."

ఒక మనిషి పేరే పోయిందనుకుంటూ వచ్చింది ఆమె ఇన్నాళ్ళూ. తన నోరు మూసుకుని ఉన్నందుకు ఇద్దరు మంచివాళ్ళు ఒకరికొకరు దొంగలయ్యారు.

"ఆయనకి నిన్నటిదాకా... ఈరోజుదాకా తెలియదు," అంది. "మారింది నా చేతిలో. తెలిసీ చెప్పంది నేను."

కిటికీ దగ్గర కత్తి ఆగింది. ఆ అమ్మాయి లేచి లోపలికి వెళ్ళబోయింది.

"నువ్వుండు," అన్నాడు మేస్త్రి కూతురితో. "నువ్వు వినాలి. చెప్పండమ్మా."

చెల్లెమ్మా అనలేదు. ఆమె నిలబడే మొదటినుంచి చెప్పింది. టీ, ట్రే, నల్లమచ్చ. రబ్బరు దగ్గరికి వచ్చేసరికి మాట సన్నగిల్లింది. ఆ అమ్మాయి కళ్ళు తన ముఖం మీద ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఎదురుగా అరలో ప్లాస్టర్ దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటిని చూస్తూ మిగతాది చెప్పేసింది.

మేస్త్రి బల్ల సొరుగు లాగి, పాత మందుల డబ్బాలోంచి నకిలీ నాణేన్ని తీసి మామగారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, అంచున చీలిక మీద గోరు ఆనించి చూసుకున్నారు. పదహారేళ్ళు పెద్దకొడుకులా చూసుకున్న వస్తువు.

"ఆ ఆఖరి పేజీ తీసేస్తాను," అన్నారు. పుస్తకం సంగతి, ఆ పేజీ సంగతి చెప్పారు. "పొద్దున్నే షాపాయనకి చెప్తాను."

"తీసేయకండి సార్. వేయండి. పేర్లు మార్చి వేయండి."

మామగారు నకిలీ నాణేన్ని బల్ల మీద పెట్టారు. "వేస్తాను. నకిలీ కింద నా పేరు."

"అది చాలదు. ఎలా మారిందో కూడా ఉండాలిగా. లేకపోతే ఆ షాపాయన, మీరు ముసలితనంలో జాలిపడి పేర్లు మార్చారంటాడు. నా సంగతి సరే. ఈ పిల్ల ఇప్పుడే బోర్డు మీద పేరు రాయించుకుంది."

"నేను రాసిస్తాను," అంది ఆమె.

ఆ అమ్మాయే ఆర్డర్లు రాసుకునే పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా ఇచ్చింది. కాగితం పైన పైవరస పళ్ళు, కిందివరస పళ్ళు బొమ్మ అచ్చేసి ఉంది. ఆమె బల్ల చివర వంగి, నిలబడే రాయడం మొదలుపెట్టింది. కూర్చోమని ఎవరూ అనలేదు. అది సరిగ్గానే ఉందనిపించింది.

అవతల మేస్త్రి ఉండబట్టలేక నకిలీ నాణేన్ని మళ్ళీ అందుకున్నాడు. "ఎవరు పోశారో గానీ సార్, బద్ధకస్తుడు. నేనైతే ఈ ఆకురాయి గీత కనపడనిచ్చేవాణ్ణి కాదు."

"ఆ సంగతి అప్పుడే చెప్పి ఉంటే నిర్దోషివని తేలిపోయేవాడివి," అన్నారు మామగారు. ఇద్దరూ నవ్వారు. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. కుర్చీలు దగ్గరికి జరిగాయి. అసలు నాణేన్ని కాటా మీద పెట్టారు. అంకెలు వెలిగాయి. ఎవరూ గట్టిగా చదవలేదు.

ఆమె నాలుగు వాక్యాలు రాసింది. మేస్త్రి చేయి చాచాడు, చదివాడు, తిరిగి ఆమె ముందు పెట్టాడు. మూడో వాక్యం మీద వేలు ఆనించాడు.

"ఇక్కడ 'పొరపాటున ఇన్నాళ్ళు చెప్పలేకపోయాను' అని రాశారు. ట్రే తిప్పడం వరకే పొరపాటమ్మా. తర్వాతిది కాదు."

ఆమె ఆ వాక్యం కొట్టేసింది. కొట్టేసిన గీత వంకరగా పోయింది. దాని పైన, పళ్ళ బొమ్మకి ఆనుకున్న కాస్త ఖాళీలో, చీటీల మీద రాసే చిన్న అక్షరాలతో మళ్ళీ రాసింది. ఈసారి చిన్నదిగా వచ్చింది వాక్యం. అందులో దాక్కోవడానికి చోటు లేదు.

"చదవండి," అన్నాడు మేస్త్రి. "మా అమ్మాయి కూడా వింటుంది."

ఆమె కాగితం ఎత్తి పట్టుకుంది. "ఈ పేజీలోని రెండు నాణేలు మారడానికి కారణం నేను," అని మొదలుపెట్టింది. "ఆ సంగతి నాకు అదే రోజు తెలిసింది. తెలిసే దాచాను. సాక్ష్యంగా ఉన్న బొమ్మని నా చేత్తో..."

"కాస్త గట్టిగా," అన్నాడు మేస్త్రి.